ఎంచేదెవరు, ఎంచబడేదెవరు? అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్టు చరిత్ర

ప్రతిభ గురించి వాదన వచ్చినప్పుడల్లా మన ముందు ఒక ప్రశ్న పెడతారు. "సీట్లలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లు సరే, క్రికెట్ టీములో కూడా పెడతారా?" 1990లో మండల్ వ్యతిరేక ఆందోళన రోజుల నుంచి ఈ ప్రశ్న కాలేజీ క్యాంటీన్లలో, స్టాఫ్ రూముల్లో తిరుగుతూనే ఉంది. అడిగేవాళ్ల ధీమా ఏమిటంటే, ఆటస్థలంలో కులం ఉండదు, జాతి ఉండదు, పరిగెత్తగలిగినవాడే ముందుంటాడు. ఆ ధీమా ఎంత నిజమో ఆటలోనే చూద్దాం. అందుకు అమెరికాలో అందరికంటే ఎక్కువ డబ్బు గడించే ఆటను, అందులో కాలేజీ కుర్రవాళ్లను ఏరుకునే 'డ్రాఫ్టు' అనే పద్ధతిని తీసుకుంటున్నాను.

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని, విసిరి, ఎదుటివాళ్లను ఢీకొని ముందుకు తీసుకుపోయే ఆట. జట్టుకు పదకొండు మంది. ప్రతి ఎత్తుకూ బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. ఎవరికి విసరాలో, ఎటు నడిపించాలో అతనే నిర్ణయిస్తాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

మనకెందుకు ఈ గొడవ అనేవాళ్లుంటారు. అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. 1946లో నల్లజాతి మేధావి డుబాయ్‌కి ఉత్తరం రాసి, వాళ్ల సమస్యకూ మన సమస్యకూ ఉన్న పోలికను ప్రస్తావించాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ పేరే బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నది. ఇంకో సంగతి కూడా ఉంది. మన ప్రగతిశీల సభల్లో గాయకుడుగా తలుచుకునే పాల్ రాబ్సన్ అసలు ఫుట్‌బాల్ ఆటగాడు. 1921, 1922 సంవత్సరాల్లో కొలంబియాలో లా చదువుకుంటూనే వృత్తి జట్లలో ఆడాడు. అప్పటికింకా డ్రాఫ్టు లేదు. రంగు గోడ కూడా పూర్తిగా లేవలేదు.

యజమానుల సమానత్వం

జాతీయ ఫుట్‌బాల్ లీగు, అంటే ఎన్.ఎఫ్.ఎల్., 1920లో మొదలైంది. మొదట వేరే పేరుండేది, 1922లో ఈ పేరు వచ్చింది. తొలి పదిహేనేళ్లు కాలేజీ ముగించిన ఆటగాడు తనకు నచ్చిన క్లబ్బుతో బేరమాడుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు యజమానులు ఒకే కుర్రవాడి వెంటపడితే కూలి పెరిగేది. ఫిలడెల్ఫియా ఈగిల్స్ క్లబ్బు యజమాని బర్ట్ బెల్‌కు ఇది గిట్టలేదు. ఆయన జట్టు ఎప్పుడూ అడుగునే ఉండేది. 1935లో తోటి యజమానుల ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. కాలేజీ ఆటగాళ్ల పేర్లన్నీ ఒకచోట రాద్దాం, ఆ ఏడాది అందరికంటే అడుగున ఉన్న క్లబ్బు మొదటి పేరు తీసుకుంటుంది, పైనున్న క్లబ్బు చివర తీసుకుంటుంది. ఒక క్లబ్బు పేరు తీసుకున్న ఆటగాడితో ఇంకో క్లబ్బు మాట్లాడకూడదు.

1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో మొదటి డ్రాఫ్టు జరిగింది. బోర్డు మీద 90 పేర్లు. తొమ్మిది క్లబ్బులు తొమ్మిది రౌండ్లలో 81 మందిని పంచుకున్నాయి. మొదటి పేరు షికాగో విశ్వవిద్యాలయం ఆటగాడు జే బెర్వాంగర్‌ది. అతన్ని తీసుకున్నది బెల్ క్లబ్బే. ఆ హక్కును బెల్ షికాగో బేర్స్‌కు మార్చేశాడు. బెర్వాంగర్ అడిగిన జీతానికి బేర్స్ ఒప్పుకోలేదు. ఇంకో క్లబ్బుకు పోదామంటే దారి లేదు. చివరికి ఆటే మానేసి, ఫోమ్ రబ్బరు అమ్మే ఉద్యోగంలో చేరాడు. డ్రాఫ్టు ఎంచిన మొట్టమొదటి ఆటగాడు ఎన్.ఎఫ్.ఎల్.లో ఒక్క ఆట కూడా ఆడలేదు.

దీన్ని లీగు సమతూకం అని చెప్పుకుంది. నిజమే, సమతూకమే. కానీ ఎవరి మధ్య? యజమానికీ యజమానికీ మధ్య. యజమానికీ ఆటగాడికీ మధ్య ఉన్న తూకం ఆ రోజే ఒకవైపు ఒరిగిపోయింది. ఊళ్లో భూస్వాములంతా కూర్చుని ఫలానావాడు ఫలానా దొర దగ్గరే పాలేరుగా ఉండాలి, ఇంకొకరు పిలవొద్దు అని మాట్లాడుకుంటే భూస్వాముల మధ్య తగాదా పోతుంది. కూలి మాత్రం పెరగదు.

జాబితాలో లేని పేర్లు

ఆ 90 పేర్లలో నల్లజాతివాడి పేరు ఒక్కటీ లేదు. 1936 నుంచి 1948 వరకు పదమూడు డ్రాఫ్టుల్లో ఒక్క నల్లజాతి ఆటగాణ్ణి కూడా ఎంచలేదు. నల్లవాళ్లకు ఆట రాకనా? 1920లోనే ఫ్రిట్జ్ పొలార్డ్, బాబీ మార్షల్ ఈ లీగులో ఆడారు. పొలార్డ్ ఆడిన ఆక్రన్ జట్టు ఆ మొదటి ఏడాదే విజేత. 1921లో పొలార్డ్ ఆ జట్టుకు కోచ్ కూడా అయ్యాడు. 1933లో జో లిలార్డ్, రే కెంప్ అనే ఇద్దరు మిగిలారు. ఆ ఏడాది తర్వాత వాళ్లూ లేరు. 1934 నుంచి 1945 దాకా పన్నెండేళ్లు ఈ లీగంతా తెల్లవాళ్ల లీగు.

దీనికి రాతలో నిబంధన ఏదీ లేదు. అసలు అటువంటి నిషేధమే లేదని యజమానులు చెప్పేవాళ్లు. మన ఊళ్లల్లో గుడి ముందు బోర్డు ఉండదు, హోటల్లో రెండు గ్లాసుల పద్ధతికి రూలు పుస్తకం ఉండదు. అయినాగానీ అది అందరికీ తెలుసు. అట్లాంటిదే ఇది. వాషింగ్టన్ క్లబ్బు యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ ఈ నిషేధానికి ప్రధాన సూత్రధారి అని చరిత్రకారులు అంటారు. తక్కినవాళ్లు అతని మాటకు అభ్యంతరం చెప్పలేదు కాబట్టి వాళ్లకూ ఇందులో భాగముంది.

కెన్నీ వాషింగ్టన్ సంగతి చూడండి. 1939లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఆడుతూ, మొత్తం దూరం లెక్కలో దేశంలోని కాలేజీ ఆటగాళ్లందరికంటే ముందు నిలిచాడు. తర్వాత బేస్‌బాల్‌లో పేరు తెచ్చుకున్న జాకీ రాబిన్సన్ అతని తోటి ఆటగాడు. 1940 డ్రాఫ్టులో క్లబ్బులు దాదాపు రెండు వందల పేర్లు తీసుకున్నాయి. వాషింగ్టన్ పేరు అందులో లేదు. అత్యున్నత ప్రతిభ అక్కడే, అంకెల్లోనే కనబడుతున్నది. కొలబద్ద ఉంది, కొలత ఉంది. జాబితాలో పేరే లేదు.

గోడ కూలింది యజమానుల మనసు మారి కాదు. 1946లో రామ్స్ క్లబ్బు క్లీవ్‌లాండ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు వచ్చి అక్కడి కొలీసియం స్టేడియం అడిగింది. అది ప్రజల డబ్బుతో కట్టింది. ప్రజల స్టేడియంలో నల్లవాళ్లను దూరంపెట్టే జట్టు ఎట్లా ఆడుతుందని హాలీ హార్డింగ్ లాంటి నల్లజాతి పత్రికా రచయితలు నిలదీశారు. ఆ ఒత్తిడితో రామ్స్ ముందు కెన్నీ వాషింగ్టన్‌ను, తర్వాత వుడీ స్ట్రోడ్‌ను తీసుకుంది. అప్పటికి వాషింగ్టన్‌కు 27 ఏళ్లు, మోకాళ్లు దెబ్బతిని ఉన్నాయి. మూడేళ్లు ఆడాడు. పోయిన ఆరేళ్లు ఎవరు తిరిగిస్తారు?

డ్రాఫ్టులో నల్లజాతి పేరు మొదట పలికింది 1949లో. ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ టాలియఫెరోను బేర్స్ 13వ రౌండులో తీసుకుంది. అతను అప్పటికే పోటీ లీగులోని జట్టుకు సంతకం పెట్టి ఉన్నాడు. అదే ఏడాది డెట్రాయిట్ 19వ రౌండులో తీసుకున్న వాలీ ట్రిప్లెట్, డ్రాఫ్టు ద్వారా ఈ లీగులో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు.

మార్షల్ ఇంకా లొంగలేదు. 1961లో అతని జట్టుకు రాజధానిలో కొత్త స్టేడియం వచ్చింది. అది ఉన్నది కేంద్ర ప్రభుత్వ భూమిలో. వివక్ష మానకపోతే స్టేడియం వాడుకోనివ్వమని కెనడీ మంత్రివర్గంలోని స్టూవర్ట్ యుడాల్ హెచ్చరించాడు. అప్పుడుగానీ మార్షల్ దిగిరాలేదు. 1962 డ్రాఫ్టులో మొదటి పేరుగా ఎర్నీ డేవిస్‌ను తీసుకున్నాడు. మొత్తం డ్రాఫ్టులో మొదటి స్థానంలో ఎంపికైన తొలి నల్లజాతి ఆటగాడు అతనే. అతన్ని క్లీవ్‌లాండ్‌కు ఇచ్చి బదులుగా బాబీ మిచెల్‌ను తెచ్చుకున్నారు. డేవిస్ లుకీమియాతో 1963లో 23 ఏళ్లకే చనిపోయాడు, ఒక్క ఆటా ఆడకుండానే.

రెండుసార్లూ గోడ కదిలించింది ప్రజల ఆస్తి మీద ప్రజలకున్న హక్కే. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు అడిగే మన కార్యకర్తలు ఈ సంగతిని గమనించాలి. ప్రభుత్వ భూమి, ప్రభుత్వ రాయితీ తీసుకున్నవాడు నా సొంత వ్యాపారం నా ఇష్టం అనలేడు.

చూసే కన్ను

జాబితాలోకి వచ్చాక కూడా చూసేవాడెవడు అన్న ప్రశ్న ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాల తెల్ల విశ్వవిద్యాలయాలు చాలావరకు 1960ల చివరిదాకా తమ ఫుట్‌బాల్ జట్లలోకి నల్ల విద్యార్థులను రానివ్వలేదు. అందుకని అక్కడి ఆటగాళ్లంతా గ్రాంబ్లింగ్ లాంటి నల్లజాతి కళాశాలల్లో ఉండేవాళ్లు. క్లబ్బుల తరఫున ఆటగాళ్లను వెతికే స్కౌట్లు అటువైపు పోయేది తక్కువ. గ్రాంబ్లింగ్ ఆటగాడు బక్ బుకానన్ విషయంలో ఇది స్పష్టంగా కనబడుతుంది. 1963లో అతన్ని కొత్తగా వచ్చిన పోటీ లీగు ఎ.ఎఫ్.ఎల్. మొత్తం డ్రాఫ్టులో మొదటివాడిగా తీసుకుంది. అదే ఏడాది ఎన్.ఎఫ్.ఎల్. అతన్ని 19వ రౌండులో తీసుకుంది. మనిషి ఒక్కడే, ఆట ఒక్కటే. ఒక కన్నుకు మొదటివాడు, ఇంకో కన్నుకు ఎక్కడో అడుగున ఉన్నవాడు. బుకానన్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించాడు.

పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రికలో బిల్ నన్ క్రీడా విలేకరి. ఏటేటా నల్లజాతి కళాశాలల నుంచి ఉత్తమ జట్టును ఎంచి అచ్చువేసేవాడు. ఊరి పక్కనే ఉన్న స్టీలర్స్ క్లబ్బు చాలాకాలం ఆ జాబితాను పట్టించుకోలేదు. ఆ జట్టు ఓడిపోతూ ఉండేది. 1960ల చివర్లో నన్‌ను స్కౌటుగా పెట్టుకున్నారు. మెల్ బ్లౌంట్, జాన్ స్టాల్‌వర్త్ నల్లజాతి కళాశాలల నుంచి వచ్చినవాళ్లే. డానీ షెల్‌ను 1974లో ఏ క్లబ్బూ డ్రాఫ్టులో తీసుకోకపోతే, డ్రాఫ్టు అయ్యాక స్టీలర్స్ తెచ్చుకుంది. ఆ జట్టు ఆరేళ్లలో నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచింది. 2021లో నన్‌కు హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ఇచ్చారు. అప్పటికి ఆయన చనిపోయి ఏడేళ్లు. ఎంపిక చేసే బల్ల దగ్గర మనవాడు ఒకడుంటే ప్రతిభ ఎట్లా బయటపడుతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కొలతల సంత

సంతలో ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. 1982లో టాంపాలో మొదలై 1987 నుంచి ఇండియానాపొలిస్‌లో ఏటా జరుగుతున్న 'కంబైన్' అనే శిబిరం గురించి చదివితే నాకు ఆ సంతే గుర్తొస్తుంది. మూడు వందల పైచిలుకు కుర్రవాళ్లను పిలుస్తారు. ఎత్తు, బరువు, చేయి పొడవు, అరచేయి వెడల్పు కొలుస్తారు. 40 గజాలు పరిగెత్తిస్తారు. 225 పౌండ్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలడో లెక్కపెడతారు. క్లబ్బుల డాక్టర్లు పాత గాయాలన్నీ వొత్తి చూస్తారు. కొనేవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, కొలతకు నిలబడేవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. బానిసల వేలంతో దీన్ని పోల్చినవాళ్లు అమెరికాలోనే చాలామంది ఉన్నారు.

పోలికను జాగ్రత్తగా వాడాలి. బానిసకు జీతం లేదు, పోయే దారి లేదు. ఈ కుర్రవాళ్లు తామే కోరుకుని వస్తారు, లక్షల డాలర్లు అందుకుంటారు. ఆ డబ్బుతో అమ్మకు ఇల్లు కట్టించిన పిల్లవాణ్ణి బానిస అంటే అతని కష్టాన్ని అవమానించినట్టే. కానీ డబ్బు వచ్చినంత మాత్రాన సంబంధం మారిపోదు. 2010లో ఒక క్లబ్బు మేనేజరు డెజ్ బ్రయంట్ అనే నల్లజాతి ఆటగాణ్ణి ఇంటర్వ్యూలో అతని తల్లి గురించి నీచమైన ప్రశ్న అడిగాడు, బయటపడ్డాక క్షమాపణ చెప్పాడు. వైవా గదిలో, ఇంటర్వ్యూ బోర్డు ముందు "మీ నాన్న ఏం చేస్తాడు" అన్న ప్రశ్న విన్న మన పిల్లలకు ఆ కుర్రవాడి ముఖం ఎట్లా మారి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

పోనీ, ఈ కొలతలు నిజం చెబుతాయా? టామ్ బ్రేడీని 2000 సంవత్సరంలో 199వ వాడిగా తీసుకున్నారు. అతను ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. 12 నిమిషాల్లో 50 ప్రశ్నలుండే వండర్‌లిక్ పరీక్షతో దశాబ్దాల పాటు తెలివి కొలిచి, 2022లో ఎత్తేశారు. తలకు దెబ్బలు తగిలి మతి చెడిన మాజీ ఆటగాళ్ల పరిహారంలో అయితే ఇంకా ఘోరం జరిగింది. నల్లజాతివాళ్ల మెదడు మొదటి నుంచే తక్కువ స్థాయిలో ఉంటుందని ఊహించే లెక్కను వాడారు. మొదటే తక్కువ అని రాసుకుంటే, తర్వాత ఎంత పోయిందో తక్కువే తేలుతుంది కదా, పరిహారం దక్కదు. కెవిన్ హెన్రీ, నాజే డావెన్‌పోర్ట్ అనే ఇద్దరు మాజీ ఆటగాళ్లు 2020లో కోర్టుకెక్కితే, 2021లో ఆ పద్ధతి మానేస్తామని లీగు ఒప్పుకుంది. ఎత్తు, బరువు, వేగం కొలిచేటప్పుడు నల్ల దేహానికి ధర ఎక్కువ. మెదడు కొలిచేటప్పుడు విలువ తక్కువ.

ఆలోచించే స్థానం

క్వార్టర్‌బ్యాక్ సంగతి ఇక్కడే వస్తుంది. ఆ స్థానం బుర్రకు సంబంధించినదని పేరు. కాబట్టి కాలేజీలో ఆ స్థానంలో ఆడిన నల్లజాతి కుర్రవాణ్ణి వృత్తి జట్టులోకి రాగానే పరిగెత్తే పనికో, బంతి పట్టే పనికో మార్చేవాళ్లు. మార్లిన్ బ్రిస్కో 1968లో డెన్వర్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌గా బాగా ఆడాడు. మరుసటి ఏడాది ఇంకో జట్టులో అతను బంతి పట్టేవాడయ్యాడు. వారెన్ మూన్ 1978 జనవరిలో రోజ్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడు. ఆ ఏడాది డ్రాఫ్టులో పన్నెండు రౌండ్లు నడిచాయి, ఎవరూ అతని పేరు తీయలేదు. కెనడా పోయి ఎడ్మంటన్ జట్టుకు వరుసగా అయిదు కప్పులు గెలిపించాడు. 1984లో హ్యూస్టన్ పిలిచింది. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. 2018లో లమార్ జాక్సన్‌ను కూడా బంతి పట్టే స్థానానికి మారమని సలహా ఇచ్చిన పెద్దలున్నారు. 2019లో అతను క్వార్టర్‌బ్యాక్‌గానే లీగు మొత్తానికి ఉత్తముడయ్యాడు.

మనకు పల్వంకర్ బాలూ లేడా? చమార్ కులంలో పుట్టిన ఆ బౌలర్ 1911 ఇంగ్లండు పర్యటనలో 114 వికెట్లు తీశాడు. వికెట్లు తీయడానికి పనికొచ్చాడు, హిందూ జట్టుకు కెప్టెన్ కావడానికి పనికిరాలేదు. 1923లో అతని తమ్ముడు విఠల్‌కు ఆ పదవి దక్కింది, అదీ పోట్లాట తర్వాతే. చెయ్యి కావాలి, తల వద్దు. కులానికైనా జాతికైనా సూత్రం ఒకటే.

బల్ల దగ్గర లేనివాడు

డ్రాఫ్టు చట్టబద్ధమా? జేమ్స్ యాజూ స్మిత్ అనే ఆటగాణ్ణి 1968లో వాషింగ్టన్ క్లబ్బు తీసుకుంది. ఆ సీజను చివరి ఆటలో మెడ దెబ్బతిని అతని ఆట ముగిసింది. స్వేచ్ఛగా బేరమాడే వీలుంటే మంచి ఒప్పందం దొరికేదని 1970లో దావా వేశాడు. 1976లో జడ్జి విలియం బ్రయంట్ డ్రాఫ్టు గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని తీర్పిచ్చాడు. ఆయన నల్లజాతి జడ్జి. 1978లో పై కోర్టు కారణాలు మార్చినా, ఆ డ్రాఫ్టు చట్టవిరుద్ధమేనన్నది.

అయితే ఈలోగా 1977లో యజమానులు ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం చేసుకున్నారు. కార్మిక సంఘం ఒప్పుకున్న నిబంధనకు ఆ చట్టం వర్తించదు. అట్లా డ్రాఫ్టు బతికిపోయింది. ఇక్కడ మెలిక ఉంది. రేపు ఎంపిక కాబోయే కుర్రవాడు సంఘంలో సభ్యుడు కాడు, ఒప్పందం బల్ల దగ్గర లేడు. అతని భవిష్యత్తును ఇతరులు రాస్తారు. హైస్కూలు వదిలి మూడేళ్లు నిండకుండా రాకూడదన్న నిబంధనను మారిస్ క్లారెట్ 2004లో సవాలు చేస్తే పై కోర్టు ఇదే వాదనతో కాదన్నది. 2011 ఒప్పందంలో కొత్తవాళ్ల జీతాలకు పరిమితి పెట్టారు. 2010లో మొదటివాడు శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 5 కోట్ల డాలర్లు హామీగా వస్తే, 2011లో మొదటివాడు కామ్ న్యూటన్ ఒప్పందం మొత్తం 2.2 కోట్లు. ఒప్పందం నాలుగేళ్లు. సగటు ఆటజీవితం మూడున్నరేళ్ల లోపేనని ఆటగాళ్ల సంఘమే చెబుతుంది. అంటే చాలామంది స్వేచ్ఛగా బేరమాడే రోజు చూడకుండానే ఇంటిదారి పడతారు. సంఘం లేకపోతే ఈ మాత్రం కూడా ఉండదు, అది నిజం. కానీ ఏ సంఘంలోనైనా లోపలికి రానివాళ్ల తరఫున ఎవరు మాట్లాడతారు అన్న ప్రశ్న మనం మన సంఘాల్లో కూడా అడుక్కోవాలి.

ఓడినవాడికి మొదటి అవకాశం

మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఆటలో రిజర్వేషన్ ఉంటుందా? ఉంది. 1936 నుంచీ ఉంది. ఓడిపోయిన క్లబ్బుకు మొదటి అవకాశం, గెలిచిన క్లబ్బుకు చివరి అవకాశం. వెనకబడినవాణ్ణి పైకి తేకపోతే ఆటే చెడిపోతుందని యజమానులే వాదించారు. వేలకోట్ల ఆస్తులున్న 32 క్లబ్బుల మధ్య ఈ ఏర్పాటును ప్రతిభకు ద్రోహం అని యజమానులెవరూ అనరు. గెలిచినవాడి హక్కు పోయిందని ఎవరూ ఒంటిమీద కిరసనాయిలు పోసుకోరు.

అదే లీగులో 1921లో పొలార్డ్ తర్వాత మళ్లీ నల్లజాతి ముఖ్య కోచ్ రావడానికి 1989లో ఆర్ట్ షెల్ దాకా, 68 ఏళ్లు పట్టింది. 2003లో రూనీ నిబంధన వచ్చింది. ముఖ్య కోచ్ ఉద్యోగానికి మైనారిటీ అభ్యర్థిని కనీసం ఇంటర్వ్యూకు పిలవాలన్నదే అందులో ఉన్నది, ఉద్యోగం ఇవ్వాలని లేదు. దానికే ప్రతిభ మంటగలిసిందని గోల లేచింది. ఇంటర్వ్యూలు కూడా ఉత్తుత్తివేనని 2022లో బ్రయాన్ ఫ్లోరెస్ అనే కోచ్ దావా వేశాడు. ఆటగాళ్లలో సగానికి పైగా నల్లవాళ్లున్న ఈ లీగులో ఇప్పటిదాకా ఒక్క క్లబ్బుకు కూడా నల్లజాతి ప్రధాన యజమాని లేడు.

కాబట్టి ఈసారి ఎవరైనా క్రికెట్ టీము మాట ఎత్తితే మనం తలవంచుకుని జవాబు వెతుక్కోవాల్సిన పనిలేదు. వెనకబడినవాడికి ముందు అవకాశం ఇవ్వాలన్న సూత్రం లోకంలో అందరికీ తెలిసిందే, యజమానులు తమకోసం దాన్ని ఎప్పటినుంచో అమలు చేసుకుంటున్నారు. మనం అడిగేది ఆ సూత్రం ఆడేవాడికీ, శ్రమ చేసేవాడికీ వర్తించాలనే. ఇంకొకటి కూడా అడగాలి. జాబితా రాసే బల్ల దగ్గర మనకు కుర్చీ ఉందా, లేదా? కొలతకు నిలబడటానికి మాత్రమే పిలిస్తే, ఎంత పైన ఎంపికైనా మనం ఎంచబడేవాళ్లుగానే మిగిలిపోతాం.